ఫ్యూజు ఎప్పుడు ఎగురుతోందో ముందు చూడు: పాత స్ప్లెండర్‌లో షార్ట్ పట్టుకునే పద్ధతి

తమ్ముడూ, నీ సమస్య నాకు అర్థమైనంతలో ఇదీ. చిత్తూరులో మీ నాన్నగారి 2003 మోడల్ హీరో హోండా స్ప్లెండర్. కొన్నాళ్లుగా ఫ్యూజు ఊరికూరికే ఎగిరిపోతోంది. కొత్తది వేస్తే ఒక్కోసారి రెండు రోజులు ఉంటుంది, ఒక్కోసారి వీధి మలుపు కూడా దాటదు. పోయినప్పుడు హారన్, ఇండికేటర్లు, బ్రేకు లైటు పనిచేయవు. హెడ్‌లైట్ మాత్రం వెలుగుతుంది, కిక్ కొడితే బండి స్టార్ట్ అవుతుంది. ఈ మధ్య సందులోకి తిరగడానికి హ్యాండిల్ బాగా ఎడమకు తిప్పితే ఇంజిన్ కూడా తటుక్కున ఆగిపోతోంది. ఒక మెకానిక్ బ్యాటరీ మార్చాడు. ఇంకొకాయన ఫ్యూజు తీసేసి రాగి తీగ చుట్టి ‘ఇక పోదులే’ అన్నాడు. మూడో ఆయన వైరింగ్ మొత్తం మార్చాలంటున్నాడు. మార్చాలా వద్దా అని అడుగుతున్నావు.

ఇప్పుడే మార్చొద్దు. నువ్వు రాసిన దాంట్లోనే షార్ట్ (కరెంటు తీగ బండి బాడీకి తగలడం) ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతోంది. అది తర్వాత చెబుతాను. ముందు ఆ రాగి తీగ తీసెయ్. ఇది చదవడం ఆపి అయినా సరే, తీసి రా.

ఎందుకంటే, ఫ్యూజు ఉన్నదే కాలిపోవడానికి. బాడీకి షార్ట్ అయినప్పుడు ఇంత చిన్న బైకు బ్యాటరీ కూడా ఒక్కసారిగా పదుల ఆంపియర్ల కరెంటు తోసేస్తుంది. వైరింగ్‌లో ఉన్న సన్న తీగలు అంత కరెంటును తట్టుకోలేవు. ఫ్యూజు ముందే కాలిపోతే నష్టం ఒక ఫ్యూజు ఖరీదు. ఫ్యూజు బదులు రాగి తీగ ఉంటే అది కాలదు, పెట్రోలు ట్యాంకు కింద నుంచి పోయే తీగల కట్ట కాలుతుంది. పక్కపక్కనున్న తీగల తొడుగులు కరిగి ఒకదానికొకటి అంటుకుంటాయి. ఒక షార్ట్ ఉన్న చోట నాలుగు తయారవుతాయి. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టినా, ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు వేసినా ఇదే కథ. ఫ్యూజు బాక్సు మీద ఎన్ని ఆంపియర్లని రాసుందో అంతే వెయ్యాలి.

ఫ్యూజు లేకుండానే బండి నడుస్తోంది కదా అని చాలామంది అలాగే తిప్పేస్తారు. ఈ మోడల్‌లో సీడీఐకి (స్పార్క్ పుట్టించే డబ్బాకు) కరెంటు ఇంజిన్‌లోని మాగ్నెట్ కాయిల్ నుంచి నేరుగా వస్తుంది, బ్యాటరీతో పనిలేదు. హెడ్‌లైట్ కూడా ఇంజిన్ తిరుగుతుంటే వచ్చే ఏసీ కరెంటు మీదే వెలుగుతుంది. అందుకే ఆ రెండూ ఆగలేదు. కానీ తిరుమల మొదటి ఘాట్ రోడ్డులో దిగుతూ నువ్వు బ్రేకు కొట్టావనుకో, బ్రేకు లైటు లేకపోతే వెనకాల బస్సు డ్రైవరుకు ఆ సంగతి తెలిసే దారే లేదు. బాగయ్యేదాకా రాత్రిపూట బండి తీయకు.

ఇక షార్ట్ సంగతి. వైరింగ్ విప్పడంతో మొదలుపెట్టకూడదు. చాలామంది మొదట చేసే పని సీటు, ట్యాంకు తీసి టేపు మొత్తం కోసెయ్యడం. ఇరవై ఏళ్ల నాటి తీగల తొడుగు గట్టిపడి ఉంటుంది. అటూ ఇటూ వంచితే బాగున్న చోట కూడా పగులుతుంది. విప్పేముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఫ్యూజు సరిగ్గా ఎప్పుడు ఎగురుతోంది? కీ ఆఫ్‌లో ఉండగానేనా, కీ తిప్పగానేనా, బ్రేకు తొక్కినప్పుడా, ఇండికేటర్ వేసినప్పుడా, గుంతలో పడినప్పుడా, హ్యాండిల్ తిప్పినప్పుడా? సగం పని దాంతోనే అయిపోతుంది.

నీ బండిలో ఇంజిన్ ఆగిపోవడం నాకు పెద్ద ఆధారంగా కనిపిస్తోంది. హోండా పద్ధతిలో నలుపు మీద తెల్ల గీత ఉన్న తీగ సీడీఐ నుంచి కీ లాక్‌కు వస్తుంది. కీ ఆఫ్ చేసినప్పుడు లాక్ చేసే పని ఆ తీగను ఎర్త్‌కు (బండి బాడీకి) కలపడమే, అప్పుడు స్పార్క్ ఆగి ఇంజిన్ ఆగుతుంది. ఆ తీగ తొడుగు ఒరుసుకుపోయి ఫ్రేముకు తగిలినా అదే జరుగుతుంది. ఫ్యూజు మాత్రం ఎగరదు, ఎందుకంటే ఆ తీగలో బ్యాటరీ కరెంటు లేదు. మరి ఫ్యూజు ఎగరగొడుతున్నది ఇంకో తీగ. ఫ్యూజు కూడా హ్యాండిల్ తిప్పినప్పుడే ఎగురుతుంటే, రెండు వేర్వేరు తీగలకూ దెబ్బ ఒకే చోట తగిలి ఉండాలి. ఆ రెండూ కలిసి వెళ్లేది, హ్యాండిల్‌తో పాటు కదిలేది ఒక్క చోటే: హెడ్‌లైట్ వెనక నుంచి ఫ్రేము మెడ పక్కగా ట్యాంకు కిందికి పోయే దగ్గర. కొండ మలుపుల్లో హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పీ తిప్పీ వచ్చే బండ్లకు ఈ చోటే ముందు పోతుంది. ఇక్కడ తిరుపతిలో నేను ఎక్కువగా చూసేది అదే.

ఇది నా అంచనా మాత్రమే. అంచనా మీద తీగలు కొయ్యకూడదు కాబట్టి రుజువు చేసుకునే పద్ధతి చెబుతాను.

ఒక టెస్ట్ లాంప్ చేసుకో. 12 వోల్టుల 21 వాట్ల సింగిల్ బల్బు, దానికో హోల్డరు, రెండు తీగ ముక్కలు, చివర్లకు రెండు క్లిప్పులు. ఏ స్పేర్ పార్ట్స్ షాపులో అయినా దొరుకుతాయి. ఫ్యూజు తీసేసి, ఫ్యూజు ఉండే రెండు కొసలకు ఈ రెండు క్లిప్పులు పెట్టు. ఇప్పుడు ఫ్యూజు స్థానంలో బల్బు ఉంది. షార్ట్ ఎంత గట్టిగా ఉన్నా ఆ బల్బు దాటి పోయే కరెంటు 1.75 ఆంపియర్ల దరిదాపుల్లోనే ఉంటుంది (21ని 12తో భాగించు, అంతే లెక్క). తీగలు కాలవు, ఫ్యూజులు వృథా కావు, ఎంతసేపైనా వెతుక్కోవచ్చు. బల్బు సీటుకు తగలకుండా చూసుకో, బాగా వేడెక్కుతుంది.

బల్బు వెలుగును చదవడం నేర్చుకోవాలి. నిండుగా, హెడ్‌లైట్‌లా వెలిగితే ఎక్కడో నేరుగా బాడీకి తగిలింది. మసకగా, ఎర్రగా వెలిగితే కరెంటు ఏదో ఒక బల్బు గుండానో హారన్ గుండానో పోతోంది, అది మామూలే. బ్రేకు తొక్కి చూడు: టెస్ట్ లాంపూ బ్రేకు లైటూ రెండూ వోల్టేజి పంచుకుని నీరసంగా వెలుగుతాయి. అది షార్ట్ కాదు. న్యూట్రల్ లైటు తీసుకునే కరెంటుకైతే టెస్ట్ లాంప్ అసలు వెలగదు. ఈ తేడా తెలియక మసక వెలుగు చూసి టెన్షన్ పడి బాగున్న తీగలు విప్పేవాళ్లు ఉన్నారు.

కీ ఆఫ్‌లో ఉండగానే బల్బు నిండుగా వెలిగితే, ఫ్యూజు నుంచి కీ లాక్ దాకా పోయే ఎర్ర తీగో, రెగ్యులేటరో (బ్యాటరీ చార్జింగును అదుపు చేసేది). రెగ్యులేటర్ కప్లర్ (తీగలు కలిపే ప్లగ్గు) లాగు. బల్బు ఆరిపోతే లోపల డయోడ్ షార్ట్ అయిందన్నమాట, అది మార్చడమే. ఆరకపోతే ఎర్ర తీగ వెంటే పోవాలి. కీ ఆన్ చేయగానే వెలిగితే, లాక్ నుంచి బయటికి వచ్చే నల్ల తీగ. అది హారన్‌కు, ఫ్లాషర్‌కు (ఇండికేటర్లను మిణుకుమనిపించేది), బ్రేకు స్విచ్‌కు, మీటరుకు కొమ్మలుగా పోతుంది. బ్రేకు తొక్కినప్పుడే వెలిగితే, స్విచ్ దాటాక వెనక్కి పోయే ఆకుపచ్చ మీద పసుపు గీత తీగ. ఎడమ ఇండికేటర్ వేస్తేనే అయితే నారింజ రంగు తీగ, కుడికైతే లేత నీలం.

ఇక్కడొక మాట బాగా గుర్తుపెట్టుకో. ఈ బండిలో నలుపు ఎర్త్ కాదు. ఆకుపచ్చ ఎర్త్. నల్ల తీగలో కీ ఆన్ చేస్తే కరెంటు ఉంటుంది. యమహా బండ్లలో నలుపే ఎర్త్, అందుకని ఆర్‌ఎక్స్ 100 మీద చెయ్యి తిరిగినవాళ్లు స్ప్లెండర్‌కు వచ్చి నల్ల తీగను బాడీకి బిగించేస్తారు. పైపైన ఎవరో చేసిన పని తర్వాత మొదలైన షార్టుల్లో ఇదొక రకం. నీ బండిలో ఎవరైనా ఎల్ఈడీ లైట్లో, అదనపు హారనో పెట్టి ఉంటే ముందు వాటినే ఊడదీసి చూడు. వాటి తీగలు చాలాసార్లు టేపు ఊడి వేలాడుతుంటాయి.

బల్బు నిండుగా వెలుగుతున్న స్థితి దొరికాక వెతకడం తేలిక. ఊళ్లో నీళ్ల పైపు ఎక్కడో లీకవుతుంటే వాల్వులు ఒక్కొక్కటే కట్టేసి ఏ వీధిలోదో తేలుస్తారు చూడు, అలాగే. బల్బు మీద ఒక కన్నేసి కప్లర్లు ఒక్కొక్కటే లాగు: హెడ్‌లైట్ డూమ్ (గిన్నె) లోపలివి, సీటు కింద టెయిల్ లాంప్‌కు పోయేవి, హారన్, ఫ్లాషర్. ఏది లాగితే బల్బు ఆరిందో షార్ట్ ఆ కొమ్మలోనే ఉంది. మిగతా బండి మొత్తం నిర్దోషి, దాన్ని ముట్టుకోవద్దు.

నీ కేసు లాంటి వచ్చిపోయే షార్టుకు ఇంకో ఉపాయం. కీ ఆన్ చేసి, ఇంజిన్ ఆఫ్‌లోనే ఉంచి, హ్యాండిల్‌ను ఒక చివర నుంచి ఇంకో చివరకు చాలా నెమ్మదిగా తిప్పు. ఏ కోణంలో బల్బు మిణుక్కుమందో అక్కడ ఆపు. ఇప్పుడు మెడ దగ్గర తీగల కట్టను రెండు వేళ్లతో పట్టుకుని అంగుళం అంగుళం నొక్కుతూ పో. నొక్కగానే బల్బు ఆరినా, వెలిగినా అదే చోటు. అక్కడ చూస్తే సాధారణంగా ఇలా ఉంటుంది: ఫ్రేము మీద గోటి వెడల్పున పెయింటు పోయి లోహం మెరుస్తుంటుంది, మధ్యలో ఒక నల్ల చుక్క. దానికి ఎదురుగా కట్ట పైతొడుగు నున్నగా అరిగి, లోపల ఒకటో రెండో తీగల్లో రాగి కనిపిస్తుంది. వాన తగిలి ఉంటే రాగి మీద పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. ఆ నల్ల చుక్క నీ ఫ్యూజులన్నీ కాలిన చోటు.

అక్కడ దొరక్కపోతే తర్వాత చూడాల్సింది వెనక మడ్‌గార్డ్. మన ప్రాంతంలో ఈ బండ్లు మోసేది మనుషుల్ని మాత్రమే కాదు కదా. పొద్దున్నే డెయిరీకి పాల క్యాన్లు రెండు వైపులా వేలాడతాయి, సీజన్లో తోతాపురి కాయల క్రేట్లు ఎక్కుతాయి. క్యారియర్ బరువుకు మడ్‌గార్డ్ కిందికి నొక్కుకుపోయి, దాని లోపలి వైపున టెయిల్ లాంప్‌కు పోయే తీగలు రేకు అంచుకు ఒత్తుకుంటాయి. ఖాళీ బండిని షెడ్డులో నిలబెట్టి చూస్తే ఏమీ కనపడదు. బరువు వేసుకుని గుంతలో పడితేనే తగులుతుంది. ఇలాంటి బండికి వెనక ఒక మనిషిని కూర్చోబెట్టి ఊపమని చెప్పి, బ్రేకు తొక్కిపట్టి, బల్బు చూడాలి.

మిగతా చోట్లు త్వరగా చెప్పేస్తాను. ట్యాంకు ముందు రబ్బర్లు పోతే ట్యాంకు అడుగు తీగల మీద కూర్చుంటుంది. వెనక బ్రేకు స్విచ్ దగ్గర తీగ వేలాడి సైలెన్సర్‌కు తగిలితే తొడుగు కరుగుతుంది. ఇండికేటర్ కాడ విరిగి టేపుతో కట్టి ఉంటే అందులో తీగ నలుగుతుంది. బల్బు అడుగున సీసపు బొట్టు పక్కకు జారి అంచుకు తగలడం కూడా ఉంది, బల్బు తీసి చూస్తే తెలిసిపోతుంది. పెరట్లో నిలిపిన బండైతే ఎలుక కొరికిందేమో సీటు కింద చూడు. 2021 నవంబరు వానలకు తిరుపతిలో వీధులకు వీధులు మునిగినప్పుడు నీళ్లలో నిలిచిన బండ్లలో కప్లర్లు లోపల్లోపలే చిలుము పట్టాయి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండైతే కప్లర్లు విప్పి పిన్నులు చూడటం మర్చిపోవద్దు.

మల్టీమీటర్ ఉంటే వాడొచ్చు కదా అంటావు. వాడొచ్చు, కానీ ఒక మోసం ఉంది. బ్యాటరీ విప్పేసి, తీగకూ బాడీకీ మధ్య బీప్ పెట్టి చూస్తారు. బీప్ వచ్చిందంటే షార్ట్ అనుకుంటారు. చల్లగా ఉన్న బల్బు ఫిలమెంటు నిరోధం వెలిగినప్పటితో పోలిస్తే పదో వంతు దగ్గర్లో ఉంటుంది. 21 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు 7 ఓంల దరిదాపుల్లో ఉంటే, చల్లగా ఉన్నప్పుడు ఒక ఓం కూడా చూపదు. మీటరు దాన్ని కూడా షార్ట్ అనుకుని బీప్ అంటుంది. కాబట్టి మీటరుతో చూసేముందు ఆ లైనులో బల్బులన్నీ తీసెయ్యాలి, హారన్ తీగ ఊడదీయాలి. పైగా నీలాంటి వచ్చిపోయే షార్టుకు మీటరు అంకెల కంటే బల్బు మిణుకే త్వరగా కనపడుతుంది. అందుకే నేను ముందు టెస్ట్ లాంపే తీస్తాను.

ఇంకో జాగ్రత్త. తీగను బాడీకి గీసి నిప్పురవ్వ వస్తోందా లేదా అని చూసే అలవాటు కొందరికి ఉంది. ట్యాంకు తీసి, పెట్రోలు పైపు ఊడదీసి ఉన్న బండి దగ్గర ఆ పని చేయనివ్వకు. ట్యాంకు తీసేముందు ట్యాప్ కట్టేసి, తీశాక దూరంగా పెట్టు. తీగలు కోసి అతికే సమయానికి బ్యాటరీ విప్పి ఉండాలి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ ఆఖరున. అలా అయితే ప్లస్ దగ్గర స్పానర్ ఫ్రేముకు తగిలినా ఏమీ కాదు.

చోటు దొరికాక రిపేరు. అరిగిన తీగ మీద ఉత్త నల్ల టేపు చుట్టి వదిలేయకు. మన ఎండలకు ఏప్రిల్, మే వచ్చేసరికి ఆ జిగురు కరిగి టేపు జారిపోతుంది, మళ్లీ అదే రాగి అదే ఫ్రేముకు తగులుతుంది. రాగి పోగులు బాగుంటే చిలుము గీకి శుభ్రం చేసి, తీగ కోసి, ముందుగా స్లీవు ఎక్కించుకుని, రెండు కొసలు పురివేసి సోల్డర్ చేసి, స్లీవు జరిపి వేడి చేసి ముడుచుకునేలా చెయ్యి. పోగులు తెగిపోయి ఉంటే చిన్న ముక్క కొత్త తీగ అతకాలి. అది బండ్లకు వాడే సన్న పోగుల తీగే కావాలి. ఇంటి కరెంటుకు వాడే ఒంటి పోగు గట్టి తీగ వైబ్రేషన్‌కు విరుగుతుంది. పక్కపక్క తీగల అతుకులు ఒకే వరసలో రాకుండా కాస్త ముందూ వెనకా పెట్టు.

అంతకంటే ముఖ్యం, ఆ తీగ మళ్లీ ఎందుకు ఒరుసుకోకూడదో ఆ ఏర్పాటు. ఫ్రేము మీద పెయింటు పోయిన అంచును ఆకురాయితో నున్నగా చేసి రంగు పూయి. కట్టకు ఆ భాగంలో మెత్తటి పీవీసీ ట్యూబు తొడుగు. బిగించే క్లిప్పు ఊడిపోయి ఉంటే కొత్తది పెట్టు. మెడ దగ్గర టై బిగించేముందు హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, తీగ లాగుకుపోకుండా కాస్త వదులు ఉంచు. లాగి కట్టిన తీగ లోపల్లోపలే తెగుతుంది, అప్పుడు షార్ట్ పోయి ఓపెన్ (తీగ తెగి కరెంటు అందకపోవడం) వస్తుంది. దాన్ని పట్టుకోవడం ఇంకా కష్టం.

అయ్యాక ఫ్యూజు వెంటనే పెట్టకు. టెస్ట్ లాంప్‌తోనే ఇంకోసారి కీ, బ్రేకు, ఇండికేటర్లు, హారన్, హ్యాండిల్ తిప్పడం అన్నీ చూడు. ఎక్కడా నిండుగా వెలగలేదంటే అప్పుడు సరైన ఫ్యూజు వెయ్యి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి హ్యాండిల్ ఎడమకు బాగా తిప్పి చూడు, ఆగకూడదు. ఆగితే నలుపు మీద తెల్ల గీత తీగ ఇంకా ఎక్కడో తగులుతోంది. అందులో బ్యాటరీ కరెంటు లేదు కాబట్టి దాన్ని టెస్ట్ లాంప్ పట్టదు, కంటితోనే వెతకాలి.

ఇక మొత్తం వైరింగ్ మార్చాలా అన్న ప్రశ్నకు సమాధానం ఆ రాగి తీగ ఎంతకాలం ఉంది, అది ఉండగా షార్ట్ ఎన్నిసార్లు పడింది అనే దాని మీద ఉంటుంది. ట్యాంకు తీసినప్పుడు కట్టను వేళ్లతో తడిమి చూడు. ఎక్కడైనా గట్టి ఉండలా తగిలినా, కాలిన వాసన వచ్చినా, పైతొడుగు మీద బుడగలు కనిపించినా అక్కడ మాత్రం కోసి చూడు. లోపల తీగలు విడివిడిగా ఉంటే వైరింగ్ బాగుంది, అతుకులతో సరిపోతుంది. ఒకదానికొకటి కరిగి అతుక్కుని జాన పొడవున ముద్దయి ఉంటే మాత్రం మూడో మెకానిక్ చెప్పిందే నిజం. అప్పుడు నీ మోడల్‌కు, కిక్ స్టార్ట్‌కు సరిపోయే కొత్త కిట్ అడిగి తెచ్చుకో. సెల్ఫ్ స్టార్ట్ బండి కిట్ తెస్తే కప్లర్లు కలవవు. పాతది తీసేముందు ప్రతి మలుపు దగ్గరా ఫోన్లో ఫోటో తీసి పెట్టుకో.